మెలోడీ మునిగిపోతోందా?

ప్రశ్న: పియానోపై కుడిచేత్తో కార్డులు (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) వాయిస్తుంటే పైనున్న మెలోడీ వినపడటం లేదు. గట్టిగా కొడితే కార్డంతా మోగుతోంది. ఏం చేయాలి?

జవాబు: కీ ఎంత వేగంగా దిగితే సుత్తి అంత జోరుగా తీగను తాకుతుంది. చెయ్యంతా బిగిస్తే అన్ని కీలూ ఒకే వేగంతో దిగుతాయి, చిక్కంతా అక్కడే. సి–ఇ–జి–సి కార్డు తీసుకోండి. పై సిని చిటికెన వేలితో నిండుగా మోగించి పట్టి ఉంచండి. మిగతా మూడింటినీ స్టకాటోగా, తేలిగ్గా తాకి వదిలేయండి. కుదిరాక నాలుగూ కలిపి పట్టండి. చేతి బరువు చిటికెన వైపు వాలాలి, కానీ ఆ వేలి కీళ్లు లోపలికి వంగిపోకూడదు. పై స్వరం మిగతావాటికంటే ముందే మోగుతుంటే లయ తగ్గించండి. పెడల్ ఇప్పుడే వద్దు. అన్నట్టు, టచ్ రెస్పాన్స్ (కీ నొక్కే తీరును బట్టి శబ్దం హెచ్చుతగ్గులవడం) లేని కీబోర్డు మీద ఈ సాధన వృథా.