తాతయ్య కథ రాసేముందు మామ్మ దగ్గర కూర్చో

చిరంజీవి మాధవికి,

చిన్నతాతయ్య ఆశీస్సులు. పటాలంలోనూ, తరవాత బ్యాంకులోనూ పనిచేసిన మీ తాతయ్య, అంటే మా అన్నయ్య జీవితం పుస్తకంగా రాస్తానన్నావని మీ నాన్న చెప్పాడు. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. సంతోషం కొంత, దిగులు కొంత. మనవాళ్లు పోయినవాళ్ల గురించి రాయడం మొదలుపెడితే దేవుణ్ణి చేసి కూర్చోబెడతారు. అన్నయ్య దేవుడు కాదు. పేకాటలో ఓడితే రెండ్రోజులు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. అదీ రాయి.

కాగితాల సంగతి నీకు చెప్పక్కర్లేదు. పటాలం డిశ్చార్జి బుక్కు, పీపీఓ (పెన్షను చెల్లింపు ఉత్తర్వు), బ్యాంకు ఆర్డర్లు అన్నీ ఫొటోలు తీసి పెట్టుకో. లామినేషను మాత్రం చేయించకు. మద్రాస్ రెజిమెంటు రికార్డులకి వెల్లింగ్టన్‌కి రాయాలంటే ఆర్మీ నంబరు తప్పనిసరి.

పతకాలు జాగ్రత్తగా చూడు. 71 యుద్ధంలో తాతయ్య ఢాకా వెళ్లాడని మీ ఇంట్లో అందరూ చెబుతారు. పెళ్లిళ్లలో ఆ మాట వస్తే అన్నయ్య నవ్వి ఊరుకునేవాడు. ట్రంకుపెట్టెలో ఉన్నది పశ్చిమీ స్టార్. అది పడమటి సరిహద్దున పనిచేసినవాళ్లది. ఢాకా వైపు, తూర్పున పనిచేసినవాళ్లకి ఇచ్చింది పూర్వీ స్టార్. అప్పట్లో ఉత్తరాల మీద 56 ఏపీఓ అని సైనిక తపాలా ఆఫీసు నంబరు తప్ప ఊరి పేరు ఉండేది కాదు, ఎవరికి తోచిన సరిహద్దు వాళ్లు చెప్పుకున్నారు. ఢాకా అని రాశావంటే మాత్రం నేను ఊరుకోను.

బ్యాంకు గురించి ఒక్క మాట. మార్చి 31 రాత్రి ఇంటికొచ్చేవాడు కాదని మీ నాన్న అంటాడు. అది తరవాతి మాట. మొదట్లో బ్యాంకుల లెక్కలు డిసెంబరు 31కి ముగిసేవి. సంక్రాంతి నెల పెట్టాక కూడా మీ మామ్మ ఒక్కతే ముగ్గులు వేసుకుంటూ, లెడ్జర్లు తేలి ఆయన ఎప్పుడొస్తాడా అని వీధి వైపు చూసేది. మాజీ సైనికుల కోటాలో క్లర్కుగా చేరాడు కదా, సర్వీసులో తనకంటే చిన్నవాళ్లని కూడా ‘సార్’ అనేవాడు. మా అందరికీ చిన్నతనంగా ఉండేది, ఆయనకి ఉండేది కాదు.

ఇక అసలు సంగతికొస్తాను. పటాలంలో ఉండగానే పెళ్లయింది. సెలవు అయిపోయి తిరిగి వెళ్లాక యూనిట్‌లో క్లర్కు భార్య పేరు అడిగితే, ఇంట్లో అందరూ పిలిచే పేరు చెప్పాడు, బుల్లెమ్మ అని. సిపాయి ఇంటి వివరాలు నమోదు చేసే పార్ట్ టూ ఆర్డర్‌లో అదే ఎక్కింది. ఆవిడ అసలు పేరు వెంకటరత్నం. రేషన్ కార్డు, ఓటరు కార్డు, అన్నింట్లోనూ అదే. సంతకంలో కొమ్ము తేడా ఉంటే చెక్కు వెనక్కి పంపే మనిషి, ఇల్లాలి పేరు తప్పు పడిందని బతికున్నన్నాళ్లూ చూసుకోలేదు.

ఆయన పోయాక పెన్షను ఆగిపోయింది. రికార్డులో ఉన్న బుల్లెమ్మ ఎవరు, ఈ వెంకటరత్నం ఎవరు? ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్టు కావాలి, సర్టిఫికెట్టు కావాలి, సాక్షులు కావాలి. ఒక ఆఫీసులో గుమస్తా, కళ్లెత్తి చూడకుండానే, ‘ఈ పేరుతో ఆయనకి ఇంకో భార్య ఏమైనా ఉందామ్మా?’ అన్నాడు. వదిన ఏమీ అనలేదు. కొంగు భుజం మీదుగా కప్పుకుని బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. సోడా తాగమంటే వద్దంది. మీ నాన్నకి సెలవు దొరకలేదట అప్పుడు. ఇప్పటికీ తలుచుకుంటే వాణ్ణి రెండు తిట్టాలనిపిస్తుంది. ఆవిణ్ణి బస్సుల్లో తిప్పింది నేనే. చివరికి సైనిక సంక్షేమ కార్యాలయంవాళ్లు దారి చూపించారు.

తిరుగు బస్సులోనే మొదటిసారి నోరు విప్పింది. 71 డిసెంబరు 3 నుంచి 16 దాకా పంచాయతీ రేడియోలో వార్తల వేళకి బిందె పట్టుకుని చెరువుకి బయలుదేరేదట. మీ నాన్న కడుపులో ఉన్నాడు. అత్తగారు చూస్తే బాధపడుతుందని రేడియో దగ్గర నిలబడేది కాదు, నడక మాత్రం నెమ్మది చేసేదట. ఇన్నేళ్లు ఒకే గుమ్మంలో తిరిగి, నాకది తెలియదు.

అందుకే వెల్లింగ్టన్ ఉత్తరాలు, బ్యాంకు రికార్డులు తరవాత చూసుకో. ముందు మామ్మ దగ్గరికి రా. ఫోనులో రికార్డింగ్ పెట్టకు, బిగుసుకుపోతుంది. ఏ పనో చేస్తూ అడుగు, చిక్కుడుకాయలు ఒలుస్తూ అడిగితే ఎక్కువ చెబుతుంది. ప్రతి మనిషికీ ఇంటి పేరు, పిలుపు పేరు, కాగితం మీది పేరు మూడూ రాసుకో. నీ పుస్తకంలో ఆవిడ పేరు పూర్తిగా పడాలి. ఈ ఏడాది ఆవిడకి కొన్ని ఊళ్ల పేర్లు అందడం లేదు, నాకు భయంగా ఉంది. పండక్కి వస్తానన్నావు, అంతదాకా ఆగకు. వచ్చే ఆదివారమే పొద్దున్నే రా. మధ్యాహ్నం దాటితే ఆవిడకి ఓపిక ఉండదు. ట్రంకుపెట్టె తాళం నా దగ్గరుంది, నేనూ అక్కడికే వస్తాను.

ఇట్లు,
చిన్నతాతయ్య