కంపెనీ తడబడుతోంది, చేతిలో దాని షేర్లే ఉన్నాయి: అమ్మాలా, ఆగాలా?

అమెరికాలో టెక్ ఉద్యోగంలో చేరినవాళ్లకు జీతంతో పాటు ఆర్‌ఎస్‌యూలూ (విడతలవారీగా చేతికొచ్చే కంపెనీ షేర్లు) వస్తాయి. లేఆఫ్ వార్తలు మొదలవగానే పుట్టే సందేహం: షేరు ఇంకా పడుతుందా? ఇప్పటికే ఎంత పడిందో చూసి ఇది తేల్చలేం. అందరికీ తెలిసిన చెడు ధరలో ఎప్పుడో కలిసిపోయి ఉంటుంది. 2022లో 64 శాతం పడిన మెటా 2023లో దాదాపు మూడింతలైంది. పడగొట్టేది ఊహించని చెడు. 2024 ఆగస్టులో ఫలితాలు నిరాశపరచి, డివిడెండ్ కూడా ఆపేస్తామనేసరికి ఇంటెల్ ఒక్కరోజులో 26 శాతం కూలింది.

ముందు నగదు చూడండి. అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ వారి ఎడ్గార్ సైట్‌లో టెన్-క్యూ, అంటే కంపెనీ క్వార్టర్ లెక్కల నివేదిక, ఉచితంగా దొరుకుతుంది. ఆపరేషన్స్ నుంచి వచ్చిన నగదులోంచి పరికరాలకూ భవనాలకూ పెట్టిన ఖర్చు తీసేయండి. మైనస్ వస్తే, చేతిలో ఉన్న నగదును ఆ లోటుతో భాగించండి. 60 కోట్ల డాలర్లుండి, క్వార్టర్‌కు 10 కోట్లు కరుగుతుంటే ఏడాదిన్నరే. ఇక్కడ చాలామంది పొరబడతారు: టెన్-క్యూలో క్యాష్ ఫ్లో ఏడాది మొదటి నుంచీ కలిపి ఇస్తారు, కాబట్టి రెండో క్వార్టర్ అంకెలోంచి మొదటిది తీసేయాలి. తర్వాత అప్పుల నోట్ చదవండి. నగదు అయిపోయేలోపే పెద్ద బాండ్ల గడువు తీరుతుంటే కొత్త షేర్లు జారీ చేయక తప్పకపోవచ్చు, అప్పుడు మీ వాటా పలచబడుతుంది. ‘గోయింగ్ కన్సర్న్’ (కంపెనీ కొనసాగగలగడం) మీద సందేహం రాశారంటే ఏడాది నిలబడటమే అనుమానమని.

ముఖ్యమైన పరిణామాల్ని వెంటనే తెలిపే ఎయిట్-కే నివేదికలో ఐటమ్ 4.02 కనిపిస్తే పాత లెక్కల్నే నమ్మొద్దని కంపెనీయే ఒప్పుకున్నట్టు. నా లెక్కలో అన్నిటికంటే చెడ్డ కబురు ఇదే. కంపెనీ పెద్దలు తమ షేర్ల లావాదేవీలు తెలిపే ఫామ్ 4లో సీఈఓ అమ్మకాలు చూసి మాత్రం కంగారుపడకండి, ‘ఎఫ్’ కోడ్ ఉంటే అది పన్ను కోసం కోసుకున్న వాటా.

ఇంత చూసినా తేలకపోతే, అమ్మడమే మేలు. ఉద్యోగం పోతే హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు అమెరికాలో వేరే దారి చూసుకోవడానికి గరిష్ఠంగా 60 రోజులే. జీతం, వీసా, పొదుపు మూడూ ఒకే కంపెనీకి కట్టేయొద్దు. ఆర్‌ఎస్‌యూలు వెస్ట్ అయిన (షేర్లు మీ సొంతమైన) రోజే ఆ విలువ జీతంగా పన్నులోకి వెళ్తుంది, వెంటనే అమ్మితే అదనపు పన్ను దాదాపు ఉండదు. నష్టానికి అమ్మితే, ముందూ వెనకా 30 రోజుల్లో కొత్త ఆర్‌ఎస్‌యూలు వెస్ట్ కాకుండా చూసుకోండి. లేకపోతే వాష్ సేల్ (అమ్మిన షేరే మళ్లీ చేతికొస్తే వర్తించే పన్ను నిబంధన) కింద, కొత్తగా వచ్చినన్ని షేర్ల మేరకు నష్టం ఇప్పుడు పన్ను లెక్కల్లో చూపించుకోలేరు. ట్రేడింగ్ విండో (ఉద్యోగులు షేర్లు అమ్ముకోవడానికి కంపెనీ అనుమతించే సమయం) తెరిచి ఉన్నా సరే, బయటికి రాని కబురు ఆఫీసులో మీ చెవిన పడి ఉంటే, అది బయటపడేదాకా అమ్మకండి.