స్టార్ వద్దంటున్న అత్తయ్య చర్చికి మాత్రం వెళ్తానంటున్నారు

ప్రశ్న (డిసెంబర్ 2020): మాది తెనాలి. ఆగస్టులో మా మామయ్యగారు కరోనాతో పోయారు. భూస్థాపనకి మా ఆయన్నీ బావగారినీ తప్ప ఎవర్నీ రానివ్వలేదు. అత్తయ్యకి 64 ఏళ్లు, షుగర్ ఉంది. మామయ్యగారు చర్చిలో హార్మోనియం వాయించేవారు, ప్రతి డిసెంబర్‌లో క్యారల్స్ ఆయనే ముందుండి నడిపించేవారు. ఈసారి క్రిస్మస్ పండగకి ఇంట్లోనే ప్రార్థన చేసుకుందామన్నాను. "మీ మామయ్య ఉంటే ఈ మాట అనేదానివా?" అని అత్తయ్య నాతో మాట్లాడటం మానేశారు. 24 రాత్రి ఆరాధనకి వెళ్లి తీరతానంటున్నారు. ఇంటికి స్టార్ మాత్రం కట్టనివ్వడం లేదు, పిల్లలు ఏడుస్తున్నారు. బావగారు ఫోన్ చేసి "అమ్మని చర్చికి కూడా పోనివ్వవా" అన్నారు. నేను తప్పు చేస్తున్నానా?

జవాబు: లేదమ్మా, తప్పు చేయడం లేదు. ఒక చావు చూసిన ఇంట్లో ఇంకొకరిని కాపాడుకోవాలనుకోవడం తప్పెలా అవుతుంది?

కానీ మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. మీ అత్తగారు స్టార్ వద్దంటున్నారు, చర్చి కావాలంటున్నారు. పండగ మీద మనసుంటే ముందు స్టారే కట్టమనేవారు. ఆవిడకి కావలసింది పండగ కాదు, మనుషులు. మామూలు రోజుల్లో అయితే మామయ్యగారు పోయినప్పుడు సంఘమంతా ఇంటికొచ్చేది, ఆదరణ కూడిక జరిగేది, ఆయన పాటల గురించి నలుగురూ నాలుగు మాటలు చెప్పేవారు. అవేవీ జరగలేదు. భర్త ముఖం కడసారి చూసుకోనైనా లేదు. ఆయన్ని ఎరిగినవాళ్లంతా ఒకచోట చేరేది ఆ రాత్రే. అక్కడ ఎవరో ఒకరు ఆయన పేరు తలుస్తారనే ఆవిడ ఆశ అని నాకు అనిపిస్తోంది. మీరు "వద్దు" అన్నప్పుడు ఆవిడకి వినపడింది కరోనా గురించి కాదు, ఆయన్ని మరిచిపోదాం అన్నట్టు వినపడింది.

అందుకని జబ్బు గురించి ఇంక వాదించకండి. ఆ జబ్బు ఏం చేస్తుందో ఆవిడకి మనం చెప్పాలా?

అయినా ఆ రాత్రి ఆరాధన విషయంలో నేను మీ పక్షమే. ఈ 2020 డిసెంబర్ నాటికి టీకా ఇంకా మన దాకా రాలేదు. తలుపులు మూసిన హాల్లో గంటల తరబడి గొంతెత్తి పాడటం ఈ జబ్బు పాకడానికి బాగా అనువైన పరిస్థితి. ఈ 2020 మార్చి 10న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక బృందం పాటల సాధనకి చేరింది. వచ్చినవాళ్లు 61 మంది, జబ్బుపడ్డవాళ్లు 53 మంది, పోయినవాళ్లు ఇద్దరు. బావగారు మళ్లీ ఫోన్ చేస్తే ఇది చెప్పవచ్చు. అయితే చెప్పాల్సింది మీరు కాదు, మీ ఆయన. ఇంత పెద్ద ఉత్తరంలో భూస్థాపన దగ్గర తప్ప ఆయన ఇంకెక్కడా కనపడలేదమ్మా. తల్లికీ అన్నకీ ఈ మాట కొడుకు చెప్పాలి. కోడలు ఒక్కతే చెబితే అది కోడలి ఆంక్షలాగే వినపడుతుంది.

ఇక మీరు చేయగలిగింది చెబుతాను. అత్తగారి దగ్గర కూర్చుని, "మామయ్యగారు క్రిస్మస్‌కి ముందు ఏ కీర్తన ఎత్తుకునేవారు అత్తయ్యా?" అని అడగండి. ఏడిస్తే ఏడవనివ్వండి, మీకూ ఏడుపొస్తే ఆపుకోకండి. ఆగస్టు నుంచి మీకూ ఆ తీరిక దొరికి ఉండదు. తర్వాత హార్మోనియం మీద గుడ్డ తీయండి. వాయించేవాళ్లు లేకపోయినా ఫరవాలేదు, 24 రాత్రి ప్రార్థన దాని దగ్గరే పెట్టుకోండి. ఆ ప్రార్థన అత్తగారే నడిపించాలి. వాక్యం చదవడం పిల్లలకివ్వండి.

మనుషుల లోటు తీర్చడం కొంచెం కష్టమే. ఆవిడకి బాగా దగ్గరైన నలుగురైదుగురు స్త్రీలు ఉంటారు కదా, వాళ్లని రోజుకొకరు చొప్పున వాకిట్లోకి రమ్మనండి. మాస్కు పెట్టుకుని, ఎడంగా కుర్చీ వేసుకుని, ఓ పావుగంట ఆయన గురించే మాట్లాడి వెళ్లమనండి. అంత చేశాక కూడా చర్చి గుమ్మం తొక్కాలని ఆవిడ మనసు కొట్టుకుంటే, జనం లేని ఒక మధ్యాహ్నం మీ ఆయనే తీసుకెళ్లి, హార్మోనియం పెట్టే చోట కాసేపు కూర్చోబెట్టి తీసుకురావచ్చు. ఈ యేడు, 2020లో, బెత్లెహేములో కూడా అర్ధరాత్రి ఆరాధన జనం లేకుండానే చేస్తున్నారని ఆవిడకి చెప్పండి. ప్రభువు పుట్టిన ఊళ్లోనే అలా ఉందంటే, ఇంట్లో ఉండిపోవడం భక్తి తగ్గడం కాదని ఆవిడకి అర్థమవుతుంది.

పిండివంటలు బలవంతంగా చేయించకండి. తనంతట తాను అరిసెల పిండి కలుపుదామంటే మాత్రం పక్కన కూర్చోండి. యేటా పంచే ఇళ్లన్నిటికీ కాదు, ఇరుగుపొరుగుకి సరిపడా చాలు. స్టార్ సంగతి పిల్లలే నానమ్మని అడగనివ్వండి. ఈసారికి వద్దంటే ఊరుకోండి. తాతయ్య ఫొటో దగ్గర చిన్నది పెట్టుకుంటామంటే కాదనలేరనే అనుకుంటున్నాను.

ఇంకొక్కటి. మీ పాస్టర్‌గారికి ఈ రోజే ఫోన్ చేయండి. 24 రాత్రి ఆరాధనలో మామయ్యగారి పేరు తలచి ప్రార్థన చేయమని, ఆ సమయానికి ఫోన్ కలిపి ఉంచితే అత్తయ్య వింటారని చెప్పండి. ఈ వారం దాటితే ఆయనకి ఊపిరి తీసుకునే తీరిక కూడా ఉండదు.