న్యాయ సలహా: ప్లీడరు గారు రోజులు లెక్కపెడుతున్నారు

ప్రశ్న: మా తమ్ముడు ఆటో నడుపుతాడు. ఆటోలో 24 కిలోల గంజాయి దొరికిందని పట్టుకున్నారు. అడవివరం జైల్లో ఉన్నాడు. బెయిలు ఒకసారి కొట్టేశారు. మళ్లీ వేయమంటే ప్లీడరు గారు "రోజులు లెక్కపెడుతున్నానమ్మా, ఆగండి" అంటున్నారు. ఫీజు తీసుకుని కాలం గడుపుతున్నారా? - ఒక అక్క, పెందుర్తి

జవాబు: లేదమ్మా, ఇలాంటి కేసులో ఆ లెక్కే అసలు పని. గంజాయి 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. అప్పుడు ఎన్‌డీపీఎస్ చట్టం (మాదకద్రవ్యాల చట్టం) 37వ సెక్షన్ బెయిలుకు అడ్డొస్తుంది. నేరం చేయలేదనడానికి తగిన కారణాలున్నాయని, బయటికొచ్చి మళ్లీ చేయడని జడ్జికి నమ్మకం కుదరాలి. దర్యాప్తు మధ్యలో అది కుదరడం కష్టం. మిగిలేది మాండేటరీ బెయిలు. 180 రోజుల్లో ఛార్జిషీటు పడకపోతే కేసు మంచిచెడ్డలతో నిమిత్తం లేకుండా వచ్చే హక్కు అది.

లెక్క అరెస్టు రోజు నుంచి కాదు, రిమాండు రోజు నుంచి, అంటే జడ్జి కస్టడీకి పంపిన రోజు నుంచి. ఆ రోజునూ కలపాలని సుప్రీంకోర్టు 2023లో తేల్చింది. 2025 జనవరి 10న రిమాండైతే జూలై 8తో 180 నిండుతాయి. 9న కోర్టు తెరవగానే పిటిషను పడాలి. ముందురోజే వేస్తే ఇంకా గడువుందని కొట్టేస్తారు. మధ్యాహ్నం చూద్దాంలే అనుకుంటే ఈలోగా ఛార్జిషీటు రావచ్చు, హక్కు పోతుంది. పిటిషను ముందు పడితే మాత్రం అదే సాయంత్రం ఛార్జిషీటు వచ్చినా హక్కు నిలుస్తుంది. 2020లో సుప్రీంకోర్టుకు వెళ్లిన ఒక ఎన్‌డీపీఎస్ కేసులో సరిగ్గా ఇదే జరిగింది.

పోలీసులు గడువు పొడిగించమనీ అడగొచ్చు, ఏడాది వరకు. కానీ 180 నిండకముందే అడగాలి. పబ్లిక్ ప్రాసిక్యూటర్ సొంతంగా రిపోర్టు ఇవ్వాలి, దర్యాప్తు అధికారి ఉత్తరానికి కవరింగ్ లెటర్ జోడిస్తే చాలదు. ఆ రోజు మీ తమ్ముణ్ని నేరుగానో వీడియోలోనో జడ్జి ముందుంచాలి. అందుకే 170వ రోజు దాటాక ప్లీడరు రోజూ కోర్టు ఆఫీసులో వాకబు చేస్తుండాలి. మీరు అడగాల్సిన ప్రశ్న ఇదే: "పొడిగింపు పిటిషను పడిందా?"

చాలామంది బోల్తాపడేది జామీనుల దగ్గర. ఆర్డరు వచ్చాక జామీనుదారుల కోసం తిరుగుతుంటే, ఈలోపు ఛార్జిషీటు పడి చేతికొచ్చిన బెయిలు జారిపోతుంది. ఇద్దరిని ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. ఇంటిపన్ను రసీదు, ఆస్తి విలువ సర్టిఫికెట్, ఆధార్, ఫొటోలు సిద్ధంగా ఉండాలి. తహసీల్దారు కార్యాలయంలో సర్టిఫికెట్ ఒక్కరోజులో రాదు.

తూకం కూడా చూడమనండి. చట్టం దృష్టిలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు. అవి లేకుండా విడిగా ఉన్న ఆకు, గింజ లెక్కలోకి రావు. మధ్యవర్తుల నివేదికలో (సరుకు పట్టుకున్నప్పుడు సాక్షుల ముందు రాసే పంచనామాలో) బస్తాతో కలిపి తూచారా, కాడలు ఎంత అన్నది రాశారా? 24 కాస్తా 20 లోపుకు దిగితే 37వ సెక్షన్ అడ్డు తొలగుతుంది. 50వ సెక్షన్ ప్రకారం సోదా చేయలేదన్న వాదన చాలామంది అలవాటుగా వేస్తారు గానీ, అది ఒంటిమీద సోదాకే. ఆటోలో దొరికిన బస్తాకు పనికిరాదు.

ప్రశ్న: ఫీజు కట్టలేనివాళ్లకు దారేమిటి? - గాజువాక పాఠకుడు

జవాబు: జైల్లో ఉన్నవారికి ఆదాయంతో పనిలేదు, ఉచిత న్యాయవాది హక్కే. జైల్లోని లీగల్ ఎయిడ్ క్లినిక్‌లోనో, జిల్లా న్యాయసేవాధికార సంస్థలోనో దరఖాస్తు ఇవ్వండి. 15100కు ఫోన్ చేసినా చెబుతారు. రిమాండు తేదీ మాత్రం కాగితం మీద రాసి తీసుకెళ్లండి.