ఫొకాచియా మీద కూరగాయల తోట: రంగు నిలవాలంటే

ప్రశ్న: ఇంట్లో ఫొకాచియా అనే ఇటలీ రొట్టె చేసి, దాని మీద ఈ కాలంలో దొరికే కూరగాయలతో, ఆకులతో పూలతోటలా అలంకరించాను. ఓవెన్‌లో పెట్టేటప్పుడు చూడముచ్చటగానే ఉంది. బయటికి తీసేసరికి కొత్తిమీర మాడిపోయింది, ఎర్ర ఉల్లిపాయ రేకులు నీలిబూడిద రంగుకు తిరిగాయి, టమాటాల కింద రొట్టె పచ్చిగానే ఉండిపోయింది. లోపం పిండిలో ఉందా, అలంకరణలో ఉందా?

జవాబు: మీరు చెప్పిన లక్షణాలను బట్టి పిండిని తప్పుపట్టవలసిన అవసరం కనిపించడం లేదు. పళ్లెంలో పచ్చిగా ఉన్నప్పటి అందాన్ని చూసి కూరగాయలను ఎంచుకున్నట్టున్నారు. 220 డిగ్రీల వేడిలో ఇరవై నిమిషాలకు పైగా ఉన్న తరువాత ఏది ఎలా మారుతుందో ఆలోచించి ఎంచుకుంటే ఈ ఇబ్బందుల్లో చాలా భాగం తొలగిపోతుంది.

ముందు నీటి సంగతి చూద్దాం. టమాటా, జుకినీ, పుట్టగొడుగు వంటివి వేడి తగలగానే నీరు వదులుతాయి. ఆ నీరు ఆవిరైపోయేదాకా దాని కిందనున్న పిండి ఉడుకుతుందే తప్ప కాలదు. చెర్రీ టమాటాలను సగానికి కోసి, గింజల గుజ్జును వేలితో తీసివేసి, చిటికెడు ఉప్పు చల్లి, పొడి గుడ్డ మీద పావుగంట సేపు బోర్లించి ఉంచండి. తరువాత వాటిని ఎత్తి చూస్తే ఒక్కొక్కదాని కింద గుండ్రంగా తడి మరక కనిపిస్తుంది. అదంతా మీ రొట్టెలోకి దిగవలసిన నీరే. జుకినీని పలుచని చక్రాలుగా కోసి ఇలాగే చేయవచ్చు. పుట్టగొడుగులను మాత్రం ముందుగా పొడి పెనం మీద వేయించి నీరు ఇగిరిపోనివ్వడం మేలు. ఆస్పరాగస్ కాడలను మరిగే నీటిలో ఒక నిమిషం ఉంచి, చన్నీటిలో వేసి, తడి లేకుండా తుడిచి వాడాలి. చలికాలంలో దొరికే గుమ్మడి వంటి గట్టి కూరగాయలను చాలా పలుచగా తరగకపోతే, రొట్టె కాలినా అవి గట్టిగానే మిగిలిపోతాయి.

ఇక రంగు. ఎర్ర ఉల్లిపాయకు ఆ ఎరుపును ఇచ్చే ఆంథోసయనిన్లు పులుపులో ఎర్రగా నిలుస్తాయి, పులుపు తగ్గితే నీలివైపు తిరుగుతాయి. అందువల్ల రేకులను ఒక చెంచా వెనిగర్ కలిపిన నీటిలో పది నిమిషాలు నానబెట్టి, నీరు పిండేసి, ఆరబెట్టి వాడండి. అయితే ఈ ఉపాయాన్ని ఆకుపచ్చని వాటికి వర్తింపజేయకండి. పులుపూ వేడీ కలిస్తే పత్రహరితంలోని మెగ్నీషియం తొలగిపోయి, పచ్చదనం ముదురు గోధుమ ఛాయకు మారుతుంది.

ఆకుల్లో రెండు రకాలున్నాయి. రోజ్‌మేరీ, థైమ్, సేజ్ వంటి గట్టి ఆకులకు రెండు వైపులా నూనె పట్టించి పిండిలోకి గట్టిగా నొక్కితే అవి ఓవెన్ వేడిని తట్టుకుంటాయి. కొత్తిమీర, పార్స్లీ, బేసిల్ వంటి లేత ఆకులను రొట్టె బయటికి వచ్చిన తరువాతే పెట్టాలి. పూల కాడల కోసం ఉల్లికాడలు బాగా పనికివస్తాయి. వాటికీ నూనె తప్పనిసరి. క్యాప్సికమ్ ముక్కలు, ఆలివ్ కాయలు మాత్రం పెద్దగా శ్రద్ధ పెట్టకపోయినా రంగు నిలుపుకుంటాయి కనుక, కొత్తగా మొదలుపెట్టేవారు వాటితోనే ఎక్కువ భాగం నింపుకోవడం మంచిది.

మరొక్క మాట. పైభాగంలో కనీసం మూడో వంతు ఖాళీగా వదలండి. కూరగాయలు ఒత్తుగా పరిస్తే వాటి బరువుకు రొట్టె పొంగదు, ఆవిరికి దారి ఉండదు. ఛాయాచిత్రాల్లో కనిపించే నిండు తోటలు చాలా వరకు తినడానికి అంత బాగుండవని నా అభిప్రాయం.

ప్రశ్న: పిండి కొలతలు చెప్పగలరా? అలంకరణ రాత్రే చేసి ఫ్రిజ్‌లో పెట్టి, ఉదయం కాల్చుకోవచ్చా?

జవాబు: 500 గ్రాముల పిండికి 375 మిల్లీలీటర్ల నీరు, 10 గ్రాముల ఉప్పు, 3 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్, రెండు టేబుల్ స్పూన్ల ఆలివ్ నూనె సరిపోతాయి. మీ పిండిలో ప్రోటీన్ తక్కువైతే నీటిని 350కి తగ్గించండి. చేతికి అంటుకునే ఈ ముద్దను పిసకవలసిన పని లేదు. అరగంటకొకసారి, మూడు నాలుగు సార్లు, అంచులను లాగి మధ్యకు మడిస్తే బిగువు వస్తుంది. పిండిని రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచవచ్చు, రుచి కూడా పెరుగుతుంది. అలంకరణను మాత్రం రాత్రి చేయకండి, ఉప్పు తగిలిన కూరగాయలు తెల్లవారేసరికి నీరు కారుస్తాయి. ఉదయం నూనె ధారాళంగా రాసిన ట్రేలోకి పిండిని మార్చి, రెండు మూడు గంటలు పొంగనిచ్చి, వేళ్లను అడుగు తగిలేలా దించి గుంటలు చేసిన తరువాత బొమ్మను అమర్చండి. ఈ క్రమం తిరగబడితే బొమ్మ చెదిరిపోతుంది. ఇటలీలోని జెనోవా పద్ధతిలో ఆ గుంటల మీద ఉప్పునీరు, నూనె కలిపి పోస్తారు. కూరగాయలు ఎక్కువగా ఉన్నప్పుడు ఆ నీటిని మానేసి, నూనె మాత్రమే వాడుకోవచ్చు. ప్రతి ముక్కనూ సగం మునిగేలా నొక్కకపోతే పిండి పొంగినప్పుడు అది పక్కకు జారిపోతుంది.

ప్రశ్న: పైన బాగా కాలుతున్నా అడుగు పాలిపోయి మెత్తగా ఉంటున్నది, ఎందుకు?

జవాబు: గాజు పాత్ర కన్నా ముదురు రంగు లోహపు ట్రే వేడిని త్వరగా అందిస్తుంది. దానిని ఓవెన్‌లో కింది అరలో పెట్టి, 220 డిగ్రీల వద్ద 22 నుండి 25 నిమిషాలు కాల్చండి. తీసిన వెంటనే రొట్టెను జాలీ మీదికి మార్చండి, ట్రేలోనే వదిలేస్తే ఆవిరికి అడుగు మళ్లీ మెత్తబడుతుంది. మిగిలిన ముక్కలను ఆ రోజుకు గుడ్డలో చుట్టి బయట ఉంచి, తినే ముందు ఓవెన్‌లో అయిదు నిమిషాలు వేడి చేసుకోండి.