కంపెనీ ‘రెడ్’లో పడితే కార్మికుడు ఏం చేయాలి?

ప్రశ్న: మా తమ్ముడు రియాద్‌లో ఒక చిన్న కంపెనీలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేస్తున్నాడు. కంపెనీ ‘రెడ్’లో పడినందున అకామా (నివాస అనుమతి) రెన్యువల్ కాదని ఫోర్‌మన్ చెప్పాడట. వాడిని ఇంటికి వచ్చేయమనాలా, బయట పని చూసుకోమనాలా?
– ఒక పాఠకుడు, జగిత్యాల జిల్లా

జవాబు: ఆ ఎర్ర రంగు పడింది కంపెనీకే గాని మీ తమ్ముడికి కాదు. సౌదీ ప్రభుత్వం 2011లో తెచ్చిన ‘నితాఖాత్’ విధానం ప్రకారం ప్రతి ప్రైవేటు సంస్థా తాను చేసే వ్యాపారాన్నీ, సిబ్బంది సంఖ్యనూ బట్టి నిర్ణీత శాతం సౌదీ పౌరులను పనిలో పెట్టుకోవాలి. ఆ శాతం అందుకోలేని సంస్థ ఎరుపు శ్రేణిలోకి జారుతుంది. దానికి కొత్త వీసాలు రావు, ఉన్నవారి వర్క్ పర్మిట్లు పొడిగించరు, వర్క్ పర్మిట్ లేనిదే అకామా రాదు. కాగితం మీద ఒక సౌదీ పేరు రాసి లెక్క సరిపెట్టడమూ ఇప్పుడు సులువు కాదు. 2021 నుంచి నెలకు కనీసం 4,000 రియాళ్ల జీతం ఉన్న పౌరుడినే పూర్తిగా ఒకరి కింద లెక్కిస్తున్నారు కనుక, చిన్న యజమానులకు ఇది మోయలేని భారమవుతోంది.

తన యువతకు ఉపాధి చూపాలని ఒక దేశం అనుకోవడం న్యాయమే. కాని యజమాని కోటా నింపకపోతే, అప్పు చేసి వెళ్లిన కార్మికుడు అక్రమ నివాసిగా మిగలడం ఎంతమాత్రం న్యాయం కాదు. ఈ కష్టానికి చట్టంలోనే ఒక దారి ఉంది: అకామా గాని వర్క్ పర్మిట్ గాని గడువు తీరినా, వరుసగా మూడు నెలలు జీతం అందకపోయినా, కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) అనుమతి లేకుండానే మరో సంస్థకు మారవచ్చు. కొత్త సంస్థ సౌదీ కార్మిక శాఖ వారి ‘కివా’ ఆన్‌లైన్ పోర్టల్‌లో పంపిన బదిలీ ప్రతిపాదనను మీ తమ్ముడు అక్కడే అంగీకరించాలి. అంతకుముందే ఆ సంస్థ ఏ రంగులో ఉందో తప్పక అడిగి తెలుసుకోవాలి.

బదిలీ కాకుండా మరొకరి దగ్గర బయట పనికి మాత్రం పంపవద్దు. పారిపోయాడని యజమాని ‘హురూబ్’ పెడితే బదిలీ చాలా కష్టమవుతుంది. కాగితాలు సరిచేసుకోవడానికి సౌదీ ఇచ్చిన గడువు 2013 నవంబరు 3తో ముగిశాక, ‘ఆజాద్ వీసా’ అని నమ్మి ఒకరి పేరు మీద వెళ్లి మరొకరి దగ్గర పనిచేస్తున్న మనవాళ్లు ఎంత నలిగిపోయారో మీ జిల్లాలో చాలా ఇళ్లకు తెలుసు.

బదిలీ కుదరక తిరిగి రావలసి వస్తే, బకాయి జీతం, సర్వీసు సొమ్ము చేతికి అందకముందే అంతా ముట్టిందని రాసిన కాగితంపై సంతకం పెట్టవద్దని చెప్పండి. యజమాని ఇవ్వనంటే అక్కడి కార్మిక శాఖలో ఫిర్యాదు చేసి, రియాద్‌లోని మన రాయబార కార్యాలయానికి కూడా తెలియజేయాలి. ఒప్పంద పత్రం, అకామా, బ్యాంకు జమల ప్రతులు మీకు ఇప్పుడే ఫోన్‌లో పంపమనండి.