పెట్టె కట్టే ముందు: మీ ప్రశ్నలు, నా జవాబులు

ప్రశ్న: మేడం, మా వర్క్‌షాపులోని పాత మిల్లింగ్ మెషిన్ అమ్మేశాం. కొన్నవాళ్లు సముద్రం అవతల ఉన్నారు. పొడవు, వెడల్పు, ఎత్తు నేనే జాగ్రత్తగా కొలిచి, నాలుగు ఫొటోలు తీసి ప్యాకింగ్ వాళ్లకు పంపాను. అయినా ‘మా మనిషి వచ్చి కొలవాలి, దానికి వేరే చార్జీ’ అంటున్నారు. నేను కొలిస్తే తప్పేంటి?

జవాబు: మీ కొలత తప్పని అనను. కేటలాగులో ఉన్నదానికీ మీరు రాసినదానికీ తేడా లేకపోవచ్చు కూడా. కానీ పెట్టె చేసేవాళ్లకు, మెషిన్ ఒంట్లోంచి ఏ ముక్క ఎంత బయటికి పొడుచుకొచ్చిందో అది కావాలి.

ఇరవై రెండేళ్ల క్రితం, ఈ పనిలో నా మొదటి ఏడాది, ఒక లేత్ మెషిన్ కొలవడానికి వెళ్లాను. పక్కన కంట్రోల్ బాక్సు, దానికో తలుపు, తలుపుకో పిడి. పిడి సరిగ్గా 4 సెంటీమీటర్లు బయటికి ఉంది. నేను బాక్సు అంచు దాకా కొలిచి రాసుకొచ్చాను. పిడి కంటికి ఆనలేదు. తీరా పెట్టె గోడ దించేసరికి అది వెళ్లి పిడి మీద కూర్చుంది. నలుగురు మనుషులు, గంటల లెక్కన అద్దెకు తెచ్చిన క్రేన్, అందరి చూపూ నా మొహం మీదే. మా మేస్త్రి ఆరోజు ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మర్నాడు ఒక పెద్ద అట్ట చేతికిచ్చి, ‘దీన్ని నిలువుగా పట్టుకుని నాలుగు పక్కల నుంచీ మెషిన్ దగ్గరికి జరుపు. ముందు ఏది తగిలితే అక్కణ్ణుంచి కొలువు’ అన్నాడు. ఇప్పటికీ నా బండిలో ఒక అట్ట ఉంటుంది.

మీ మెషిన్ సంగతికొస్తాను. దాని బల్ల అటూ ఇటూ జరుగుతుంది కదా, మీరు కొలిచినప్పుడు మధ్యలో ఉందా, ఒక చివర ఉందా? మధ్యకు తెచ్చి బిగిస్తే పెట్టె పొడవు తగ్గుతుంది. చేతిచక్రాల పిడులు విప్పడానికి వస్తాయా? లోపల నూనె, కూలెంట్ ఇంకా ఉన్నాయా, తీసేశారా? నేమ్‌ప్లేట్ మీద రాసిన బరువు మోటారుతో కలిపా, విడిగానా? ఇవన్నీ అక్కడ నిలబడితే రెండేసి నిమిషాల పని. ఫోన్లో అయితే రెండు రోజులు నడుస్తాయి.

ఇంకోటి, బరువు ఎటు మొగ్గుతుందో ఫొటోలో కనబడదు. వీలున్నచోట నేను రెండు చివరలా రెండు తూకాలు పెట్టిస్తాను. ఒకసారి 1,200 కిలోల మెషిన్‌కి ఎడమ తూకం 800 చూపించింది, కుడిది 400. మెషిన్ తూకాల మీద ఆనిన రెండు చోట్ల, అంటే రెండు ఆనుల మధ్య దూరం 2 మీటర్లు. అంటే బరువు కేంద్రం ఎడమ ఆను నుంచి దాదాపు 67 సెంటీమీటర్ల దగ్గర ఉంది. చూడ్డానికి మాత్రం మెషిన్ రెండు పక్కలా ఒకేలా ఉంది! ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు అందరిలాగే పెట్టె నడిమధ్యకు ఫోర్కులు దూరిస్తే ఎడమ పక్కకి ఒరిగిపోయేది. పెట్టె మీద బరువు కేంద్రం గుర్తు వేయించాం, కింది దిమ్మలూ దానికి తగ్గట్టే జరిపించాం.

ఆ తర్వాత దారి. నేను మెషిన్ దగ్గర పావుగంట ఉంటే దారిలో అరగంట తిరుగుతాను. గది తలుపు, వరండా మలుపు, లిఫ్టు, గేటు, లారీ ఎక్కడి దాకా రాగలదు, అన్నీ రాసుకుంటాను. చివరికి కంటైనర్ గుమ్మం. మామూలు ఎత్తు కంటైనర్ లోపల దాదాపు 2.39 మీటర్ల ఎత్తు ఉంటుంది కానీ దాని తలుపు సుమారు 2.28 మీటర్లే. లోపలి ఎత్తు చూసి 2.35 మీటర్ల పెట్టె చేయిస్తే అది గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

చార్జీ అంటారా, పెట్టె కూడా వాళ్ల దగ్గరే చేయిస్తున్నారు కాబట్టి బిల్లులో తగ్గించమని అడగండి. అడగడానికి మొహమాటమెందుకు?

ప్రశ్న: అక్కా, కొత్తగా ఈ పనిలో చేరాను. నా టేపు కొసన ఉన్న కొక్కెం వదులుగా కదులుతోంది. సుత్తితో రెండు దెబ్బలేసి రివెట్లు బిగించనా?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ సుత్తి కింద పెట్టు. కొక్కెం కదలాలనే అలా చేస్తారు. దాన్ని పలక అంచుకు తగిలించి లాగినప్పుడు, తన మందం ఎంతో అంత బయటికి జరుగుతుంది. గోడకు ఆనించి నెట్టినప్పుడు అంతే లోపలికి పోతుంది. బయటి కొలతలో కొక్కెం మందం లెక్కలోకి రాకూడదు, లోపలి కొలతలో రావాలి. అందుకే ఆ ఒక మిల్లీమీటరు ఆట. బిగించేశావంటే రెండింటిలో ఏదో ఒకటి ఎప్పుడూ తప్పే చూపిస్తుంది.

టేపు కిందపడి కొక్కెం వంగిందా, అప్పుడు మాత్రం కొత్తది కొనుక్కో. ఈలోగా పని ఆపకూడదంటే 10 సెంటీమీటర్ల గీత దగ్గర నుంచి కొలిచి, చివర్లో 10 తీసెయ్యి. తీసెయ్యడం మర్చిపోయినవాళ్లు నాకు తెలుసు. వాళ్ల పెట్టెల్లో 10 సెంటీమీటర్ల గాలి కూడా టికెట్టు కొనుక్కుని ప్రయాణం చేసింది. లేజర్ మీటరు ఉంటే సంతోషం, కానీ అద్దం మీదా, నున్నటి నల్ల గాజు మీదా దాని మాట నమ్మకు. అక్కడ ఒక తెల్ల కార్డు పెట్టి దాని మీదికి కొట్టు.

ప్రశ్న: నేను శిల్పిని. కాల్చిన మట్టితో చేసిన బొమ్మ ఒకటి ప్రదర్శనకు వెళ్లాలి. ఒంటికాలి మీద నిలబడి, రెండు చేతులూ చాపి ఉంటుంది. తిన్నని గీత ఒక్కటీ లేదు. కొలవడానికి వచ్చిన అబ్బాయి టేపు బయటికి తీయకుండా అరగంట దాని చుట్టూ తిరిగాడు. అసలు పని వచ్చినవాడేనా?

జవాబు: ఆ అబ్బాయిని వదులుకోకండి. రాగానే టేపు చర్రున లాగేవాళ్లని చూస్తే నాకు టెన్షన్. అతను ఆ అరగంటా ఆ బొమ్మని ఎక్కడ పట్టుకోవచ్చో, ఎక్కడ పట్టుకోకూడదో చూసి ఉంటాడు.

అలాంటి బొమ్మకు నేనైతే ఇలా చేస్తాను. బొమ్మ చుట్టూ నేల మీద కాగితం పరుస్తాను. చాపిన చేతి మధ్యవేలు కొసకు పక్కగా, తగలకుండా, తూకపు గుండు దారం వేలాడదీస్తాను. గుండు ఊగడం ఆగేదాకా ఊపిరి బిగబట్టాల్సిందే. అది ఆగినచోట కాగితం మీద చుక్క పెడతాను. రెండో చేతికి, ముందుకొచ్చిన మోకాలికి, వెనక జడకి కూడా అంతే. ఆ చుక్కలన్నిటినీ లోపలికి తీసుకుంటూ మూలమట్టం పెట్టి ఒక దీర్ఘచతురస్రం గీస్తాను. రెండు కర్ణాలూ కొలిస్తే సమానం రావాలి, లేకపోతే మూల ఎక్కడో తప్పినట్టు. ఎత్తుకి, తల మీద తగలకుండా తిన్నని బద్ద పట్టిస్తాను. బద్ద మీద రసమట్టం ఉంటుంది, బుడగ మధ్యకొచ్చాక నేల నుంచి బద్ద దాకా కొలుస్తాను. ఇనుప టేపు కొస బొమ్మకి తగలనివ్వను. నడుము చుట్టుకొలతకి దర్జీ వాడే గుడ్డ టేపే.

ఇక్కడితో సగం పని అయింది. పెట్టె లోపల బొమ్మని పట్టుకునే మెత్తలు పీఠం దగ్గరా, నడుము దగ్గరా వస్తాయి. ఆ వంపులకు అట్ట కత్తిరించి, ఆనించి, మళ్లీ కత్తిరించి అచ్చు తీసుకుంటాను. మణికట్టు మీద, వేళ్ల మీద ఏదీ ఆనకూడదు. వాటి చుట్టూ ఖాళీయే వాటికి రక్ష. వేళ్లకు ఆసరాగా నురగ (ఫోమ్) కుక్కేవాళ్లుంటారు, కుదుపు వచ్చినప్పుడు ఆ నురగే వేళ్లని విరుస్తుంది.

మీరు చెప్పాల్సిందీ ఒకటుంది. కాల్చినప్పుడు ఎక్కడైనా పగిలి అతికించారా? రంగు వేసేస్తే మాలాంటివాళ్లకి కనబడదు. సిగ్గుపడకుండా ఆ అబ్బాయికి వేలు పెట్టి చూపించండి, మెత్త అక్కడ రాకుండా చూసుకుంటాడు.

ప్రశ్న: మా ల్యాబ్ పరికరం పెట్టెతో కలిపి 90 కిలోలు. విమానంలో పంపితే 262 కిలోలకు బిల్లు వేశారు. పెట్టె బయటి కొలత 130×110×110 సెంటీమీటర్లు. ఇది మోసం కాదా?

జవాబు: లెక్క సరిగ్గానే ఉంది. విమాన సరుకుకు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6,000తో భాగిస్తారు. వచ్చిన అంకె, అసలు బరువు, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి చార్జీ. మీ పెట్టె 15,73,000 ఘన సెంటీమీటర్లు, భాగిస్తే 262. చాలా కొరియర్లు 5,000తోనే భాగిస్తాయి, అప్పుడు 315 అయ్యేది.

నేనైతే పెట్టె అంత పెద్దది ఎందుకయిందని అడుగుతాను. ప్రతి పక్కా 5 సెంటీమీటర్లు తగ్గి 120×100×100 అయి ఉంటే 200 కిలోలకే పోయేది. ఆ 5 సెంటీమీటర్లు అవసరమయ్యే ఉండొచ్చు. పరికరం ఎంత సున్నితం, ఎంత ఎత్తు నుంచి పడే ప్రమాదం ఉంది అన్నదాన్ని బట్టి నురగ మందం ఉంటుంది. మరీ మెత్తటి నురగ బరువుకి అణిగిపోతుంది, మరీ గట్టిది కుదుపుని అలాగే లోపలికి పంపుతుంది. కాబట్టి ఇంత మందం ఎందుకని కొలిచినవారిని అడగండి. ‘అందరికీ అంతే పెడతాం’ అన్నారంటే అది జవాబు కాదు.

నేను చూసినంతలో ఈ పెరుగుదలకి కారణం చాలాసార్లు జాగ్రత్తే. కొలిచినవాడు ‘ఎందుకైనా మంచిది’ అని 2 కలుపుతాడు, గీసినవాడు ఇంకో 2, వడ్రంగి మరో 1. ఒకరు కలిపినట్టు ఇంకొకరికి తెలియదు. అందుకే నా కాగితం మీద మూడు వరుసలు విడివిడిగా ఉంటాయి: వస్తువు, పెట్టె లోపల, పెట్టె బయట. మీకు పంపిన కొటేషన్‌లో ఒకే వరుస ఉంటే, అది ఈ మూడింటిలో ఏదో ముందు తేల్చుకోండి.

ప్రశ్న: ఇంట్లో పాత చెక్క చాలా ఉంది, గట్టిది. దానితోనే పెట్టె చేయమంటే కొలవడానికి వచ్చినాయన ఒప్పుకోలేదు. ఎందుకని?

జవాబు: వేరే దేశానికి వెళ్లే పెట్టె అయితే ఆయన చేసింది సరైన పని. చెక్కలో పురుగు దాక్కుని వెళ్లకూడదని ఐఎస్‌పీఎం 15 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దాని ప్రకారం మామూలు వేడి పద్ధతిలో చెక్క నడిమధ్య దాకా 56 డిగ్రీల సెల్సియస్ వేడి ఆగకుండా 30 నిమిషాలు తగలాలి. అలా శుద్ధి చేసినదానికి గోధుమ కంకి బొమ్మతో ముద్ర వేస్తారు. అందులో దేశం కోడ్, తయారీదారు నంబరు, వేడితో శుద్ధి చేశారని చెప్పే హెచ్‌టీ అన్న అక్షరాలు ఉంటాయి. ప్లైవుడ్‌కీ, 6 మిల్లీమీటర్లు, అంతకంటే పలచటి చెక్కకీ మినహాయింపు ఉంది. అయితే ప్లైవుడ్ పెట్టె చేసి, కింద ఫోర్కులు దూరడానికి ఇంట్లోని దిమ్మలు కొడితే మళ్లీ మొదటికొస్తుంది. ముద్ర లేని ఆ ఒక్క దిమ్మ కోసం పెట్టె మొత్తాన్ని ఆపేయొచ్చు.

మీ చెక్క అంత గట్టిదైతే మంచి స్టూలు చేయించుకోండి. పైనున్న వస్తువులు కొలిచేటప్పుడు ఎక్కడానికి నాకూ ఒకటి కావాలి.